మట్టెద్దుకు నీళ్ళు తాపిన ఏడాది

ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా నాయన జీతం ఎంతని అడగలేదు. "ఏమి పని మ్మా?" అన్నాడు. నీళ్ళల్లో ఉండే పురుగుల్ని చూసి, బొమ్మ గీసి, ఏది ఏ జాతిదో చెప్పే పని అన్నాను. ఆయన కంబదూరు చుట్టుపక్కల చేన్లలో కూలికి పోయి నన్ను మిషన్ బడిలో చదివించిన మనిషి. కాసేపు తల గోక్కుని, "మన పక్క నీళ్ళే లేవు గదా, ఇంగ నీళ్ళల్లో పురుగులు యాడ దొరుకుతాయి? పని లేదని తీసేస్తారేమో చూసుకో" అన్నాడు.

తీసేయలేదు. పెన్షన్ పుచ్చుకొనే దాకా అనంతపురంలోనే, ఒకే కాలేజీలో, దాదాపు ఒకే గదిలో ఆ పనే చేశాను. ఇప్పుడు జంతుశాస్త్రం చదివి ఈ దారిలోకి వస్తున్న పిల్లలు నన్ను చూడడానికి వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరిని తొక్కి పైకి పోయారు, ఆ గొడవ నేను రాయను. అది అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే. మాది మాత్రమే అయిన గొడవ ఒకటి ఉంది. అది రాస్తాను.

ఏమి చూస్తాం

చెరువు నీటి చుక్క ఒకటి గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెడితే, కంటికి ఆనని జీవులు అటూ ఇటూ పరుగులు తీస్తుంటాయి. వాటిలో ఒంటినిండా సన్నని వెంట్రుకల్లాంటివి ఉండి, వాటిని తెడ్లలాగా ఆడిస్తూ ఈదేవాటిని సీలియేట్లు అంటాం. ఆ వెంట్రుకలకు పుస్తకాల్లో శైలికలు అని పేరు. ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. ఆ ఒక్క కణానికే నోరుంది, తిన్నది అరిగించుకొనే ఏర్పాటుంది, అడ్డం తగిలితే వెనక్కి తిరిగే తెలివి ఉంది.

ఏది ఏ జాతిదో చెప్పాలంటే వెంట్రుకల వరసలు ఎట్లా పోతున్నాయి, నోరు ఎంత పొడవుంది, లోపలి కేంద్రకం గుండ్రంగా ఉందా, పూసల దండలాగా ఉందా అని చూడాలి. చూద్దామంటే అది ఒకచోట నిలబడి చావదు. పల్చగా కలిపిన తుమ్మబంక చుక్క ఒకటి వేస్తే, బురదలో దిగిన గొడ్డులాగా నెమ్మదిస్తుంది. అప్పుడు గీయాలి. గీసేలోపు చుక్క ఎండుతుంది. మా ఊరి ఎండకు ఇంకా తొందరగా ఎండుతుంది.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్తాను. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టుకొని, మైక్రోస్కోపులో దాన్ని వెతికేవాళ్ళు ఈ పనికి పనికిరారు. అట్లాంటి వాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు ఎప్పుడూ పుస్తకంలోదే కనిపిస్తుంది. చుక్కలో ఉన్నది కనిపించదు.

శేషయ్య సార్

నేను డెమాన్‌స్ట్రేటరుగా చేరేనాటికి మా శాఖకు పెద్ద శేషయ్య సార్. మనిషి సన్నం, గొంతు లావు. నేను గీసిన మొదటి బొమ్మ చూసి, "ఇది జీవినా, జంతికనా?" అని అడిగారు. క్లాసు పిల్లలంతా నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, పెన్సిలు ఎట్లా చెక్కాలో, ఒక కన్ను గొట్టంలో పెట్టి రెండో కన్ను మూయకుండా ఎట్లా గీయాలో చూపించారు. పగలు తిట్టినదానికి సాయంత్రం పాఠం చెప్పడం ఆయన పద్ధతి. తిట్లు లేని రోజు పాఠమూ ఉండేది కాదు.

ఆయన గుణాలు ఎంత చెప్పినా తక్కువే. దోషం కూడా చెప్పాలి. ఒక మాట నమ్మితే ఇక వదలరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయనకు ఒక కోరిక ఉండేది. "ప్రపంచంలో తెలిసిన జీవులన్నిటికీ పట్టికలు వేస్తారు సుగుణా. ఏ జీవి యాడ దొరికిందో పక్కనే రాస్తారు. చూడు, అన్నీ చల్లటి దేశాల సరస్సులే, నదులే. మన అనంతపురం పేరు ఒక్కచోటన్నా ఉండాదా? ఎట్లుంటాది? కరువు సీమలో ఏమి బతుకుతాదిలే అని ఎవడూ చూడలేదు. నేను రిటైరయ్యే లోపల శింగనమల చెరువు పేరుతో ఒక్క జీవిని ఆ పట్టికలో నిలబెడితే చాలు" అనేవారు.

ఆ కోరిక ఊరికే పుట్టలేదు. ఆ జీవి అప్పటికే మా సీసాలో ఉంది.

వేసవి గుంట

వానాకాలమంతా పాఠాలు, ఆ తర్వాత పరీక్షలు. మాకు తీరిక దొరికేది వేసవి సెలవుల్లోనే. వెడల్పు మూతి సీసాలు గుడ్డసంచిలో పెట్టుకొని శింగనమల బస్సెక్కేవాళ్ళం. చెరువు పెద్దదే. కానీ మేము పోయే సమయానికి అంతా నెర్రెలు విచ్చి, నడిమధ్యన గొడ్లు దిగే గుంట ఒకటి మిగిలేది. అందులో ముంచితే చాలు, ప్రతి చుక్కలోనూ జీవులు కిటకిటలాడేవి. ఇంతకంటే సుఖమైన పని లేదనుకొనేవాళ్ళం.

చెరువుకట్ట దిగువన ఓబులమ్మ ఇల్లు. మమ్మల్ని మొదటిసారి చూసి, సూదులు వేసే నర్సమ్మ వచ్చిందనుకొని మనవరాలిని తడికె వెనక దాచింది. నీళ్ళ కోసం వచ్చామంటే ఇంకా ఆశ్చర్యపోయింది. "ఏమప్పా, ఈ గొడ్లు దిగిన నీళ్ళు పట్నంలో అమ్ముకుంటారా?" అని అడిగింది. తర్వాత తర్వాత మాకు మజ్జిగ ఇచ్చేంత చనువైంది.

ఆ గుంటలోనే దొరికింది మా జీవి. గులాబి రంగు. గులాబి రంగు సీలియేటు బ్లెఫారిస్మా అని అప్పటికే పుస్తకాల్లో ఉంది. సన్నగా, చిన్నగా, చింతాకులాగా ఉంటుంది. మా గుంటలో అదీ ఉంది. దానితోపాటు దానికి ఎన్నో రెట్లు పెద్దది ఇంకొకటి ఉంది. లావుపాటి ఒళ్ళు, ఇంత నోరు, కేంద్రకం తీరే వేరు. పైగా అది చిన్న గులాబి జీవుల్ని పట్టి మింగుతుంది. మింగినవి దాని కడుపులో ఇంకా కదులుతూ కనబడేవి.

సార్ వాదన చాలా తేలిక. "కుక్క కుక్కను తింటాదా? తినదు. కాబట్టి ఇవి రెండూ ఒక జాతి కాదు. ఇది కొత్తది." నాకూ అట్లాగే అనిపించింది. ఏళ్ళ తరబడి, ప్రతి వేసవిలోనూ ఆ గుంటకే పోయాం. ప్రతిసారీ పెద్దది దొరికింది. సార్ బొమ్మల మీద బొమ్మలు గీశారు. శింగనమల పేరు కలిపి దానికి లాటిన్ పేరు కూడా అనుకున్నారు. ఆ పేరు పైకి అనేవారు కాదు గానీ, గీస్తున్నప్పుడు పెదవులు కదిలేవి.

ఫినాయిలు

ఆయన రిటైర్మెంటు ఇంకో మూడేళ్ళు ఉందనగా, మద్రాసు నుంచి ఒక పెద్దాయన ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చారు. మా విద్యలో గట్టివాడని పేరు. సార్ పరీక్ష అయిపోయేదాకా ఆగి, బొమ్మలన్నీ ఆయన ముందు పరిచారు.

ఆయన చాలాసేపు చూశారు. "బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ శేషయ్యగారూ. వెండి స్లైడ్లు ఏవి?" అన్నారు.

జీవిని పలక మీద ఎండబెట్టి, వెండి ద్రావణం పోసి ఎండలో పెడితే, ఒక్కొక్క వెంట్రుక మొదలూ నల్ల చుక్కగా తేలుతుంది. అప్పుడు వరసలు గీసినట్టు కనబడతాయి. ఎండకు మా దగ్గర కొదవ లేదు. కానీ మా స్లైడ్లన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయేవి. మా బావినీళ్ళలో ఉన్న ఉప్పు వెండిని పట్టుకొని విరిచేస్తోందని మాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. ద్రావణాన్ని శ్రద్ధగా తయారుచేసి, పలకల్ని మాత్రం బావినీళ్ళతో కడిగేవాళ్ళం. పిల్లలూ, పెద్ద విషయాల దగ్గర ఎవరూ తప్పు చేయరు. కడిగే నీళ్ళ దగ్గరే చేస్తారు.

"సరే, స్లైడ్లు లేకపోతే పోయె. బతికున్న జీవిని చూపించండి" అన్నారు పెద్దాయన.

సార్ నన్ను చూశారు. నేను లోపలికి పరుగెత్తాను. బల్ల మీద సీసాలు వరసగా, తళతళ మెరుస్తూ, బోర్లించి ఉన్నాయి. గది గుప్పున ఫినాయిలు వాసన.

మా అటెండరు ఖాదర్ గుమ్మంలో సంతోషంగా నిలబడి ఉన్నాడు. "పెద్దసార్ వస్తాండారు, గదులన్నీ అద్దం మాదిరి ఉండల్లని ప్రిన్సిపాల్ సాబ్ చెప్పినారమ్మా. ఆ సీసాల్లో నీళ్ళు కుళ్ళి కంపు కొడతాండె. పారబోసి, ఫినాయిలేసి కడిగినా" అన్నాడు.

వాటిల్లోనే మా జీవి ఉందని చెప్పాను. విషయం తెలిసి ఖాదర్ ఏడ్చినంత పని చేశాడు. సార్ వాడిని ఒక్క మాట కూడా అనలేదు. "సీసా మీద లాటిన్లో పేరు రాసుకుంటిమి. పారబోయొద్దని తెలుగులో రాయలేదు గదా" అన్నారంతే. ఆ రోజు నుంచి మా గదిలో ప్రతి సీసా మీదా ముందు తెలుగులో 'పారబోయవద్దు' అని ఉంటుంది. జాతి పేరు ఆ తర్వాతే.

పెద్దాయన మంచివాడు. "మళ్ళీ దొరికినప్పుడు స్లైడ్లు చేసి పంపండి. నేనే దగ్గరుండి అచ్చు వేయిస్తాను. అంతదాకా పేరు పెట్టకండి" అని చెప్పి వెళ్ళారు. ఇంకేం, వేసవి వస్తుంది, గుంట ఉంటుంది, పట్టుకొస్తాం అనుకున్నాం.

వానలు రాలేదు. ఆ ఏడూ రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. మేము పోయేసరికి గుంట కూడా లేదు. చెరువు ఎండితే మా పక్క రైతులు ఊరికే ఉండరు, పూడికమన్ను బండ్లకెత్తి చేన్లకు తోలుకుంటారు. నడిమి గుంట మన్ను బలమైనది కాబట్టి ముందు దాన్నే తవ్వుకుపోయారు. సార్ గట్టు మీద నిలబడి ఆ గొయ్యిని చూశారు. బస్సులో తిరిగి వస్తూ, "ఇంగ ఒక్క ఏడే ఉండాది సుగుణా" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

గూట్లో ఎద్దు

సీలియేట్లు నీళ్ళు ఎండగానే చచ్చిపోవు. చాలా జాతులు ఒళ్ళు ముడుచుకొని, చుట్టూ గట్టి గుల్ల కట్టుకొని, మట్టిలో పడి నిద్రపోతాయి. నీళ్ళు తగిలితే గుల్ల పగలగొట్టుకొని లేస్తాయి. అందుకని చేన్లకు తోలిన చెరువుమన్ను తెచ్చి నానబెట్టాం. ఏవేవో లేచాయి గానీ గులాబివి ఒక్కటీ లేవలేదు. మా గులాబి జీవికి ఎండ పడదు, కాంతి ఎక్కువైతేనే చస్తుంది. గుల్లలో ఉన్నా, చేను మీద రెండు వేసవులు మాడిన తర్వాత ఇంకేం మిగులుతుంది అనుకున్నాం.

ఒకరోజు అట్లా చేన్లన్నీ తిరిగి, బస్సు కోసం ఓబులమ్మ ఇంట్లో కూర్చున్నాను. మజ్జిగ లేదు, నీళ్ళిచ్చింది. గోడ గూట్లో మట్టితో చేసిన ఎద్దుల జత కనబడింది. కన్నడసీమ ఆనుకొని ఉన్న మా ఊళ్ళలో మట్టెద్దుల అమావాస్య అని చేస్తారు. వానలకు ముందు, చెరువుమన్నుతో ఎద్దుల్ని చేసి పూజ పెడతారు. మేము ఏసు వాళ్ళం కాబట్టి మా ఇంట్లో చేసేవాళ్ళు కాదు. చిన్నప్పుడు పక్కిళ్ళలో చూసి ఏడ్చేదాన్ని.

"ఈ ఎద్దులు ఎప్పటివి?" అన్నాను.

"చెరువులో గుంట ఉన్నప్పుటివి. ఆ తర్వాత చేయలే. తడిమన్ను యాడుండాది?"

"ఆ నడిమి గుంట మన్నేనా?"

"ఆడిదే. అందురూ ఆడిదే తెచ్చేది."

లేచి గూటి దగ్గరికి పోయాను. "వీటిని కాల్చినారా?"

ఓబులమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఎద్దును ఎవురన్నా కాలుస్తారా మ్మా?"

కాల్చలేదు. ఎండకు పెట్టలేదు. గుంట మన్ను, గూట్లో నీడన, చీకట్లో అన్నేళ్ళూ కూర్చుని ఉంది. నాకు ఒకటి ఇవ్వమని అడిగాను.

"మీరు ఏసు వాళ్ళు గదా, ఎద్దునేమి చేసుకుంటావు?"

"నీళ్ళల్లో నానబెడతా."

ఆమె వాకిట్లో ఖాళీ గుంజల వైపు చూసింది. వాళ్ళ నిజం ఎద్దుల్ని గడ్డి లేక పోయినేడు సంతకు తోలేశారు. పోయేరోజు ఇంటి మగవాళ్ళు అన్నం తినలేదట. ఇంక మిగిలిన జత ఈ మట్టిదే. "జత విడదీస్తే పాపం మ్మా" అన్నది. బస్సు హారను వినబడి లేచాను. అప్పుడు తానే గూట్లోంచి ఒకదాన్ని తీసి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

"తీసకపో. నీళ్ళు తాపు. మావాటికి మేము తాపలేకపోతిమి. గానీ నా ఎద్దు నాకు తెచ్చియ్యల్ల, సూడు."

తెచ్చిస్తానని మాటిచ్చాను. నీళ్ళల్లో వేసిన మట్టెద్దును ఎట్లా తెచ్చిస్తానో ఆ నిమిషంలో ఆలోచించలేదు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని, కొమ్ములు విరక్కుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాను.

ఒక్కదాని సంతానం

సార్ ఎద్దును చూసి మొదట నవ్వారు. తర్వాత ఆయన లోపలి మాస్టారు లేచాడు. "పైమన్ను ముట్టుకోవద్దు. పది చేతులు తగిలి ఉంటాయి. పొట్టలోది తీయి. నీళ్ళు మరగబెట్టి చల్లార్చు. గుడ్డ కట్టు. ఎద్దును పిసికింది ఏ నీళ్ళతో? బావినీళ్ళా? అవి కూడా తెప్పించి పక్కన విడిగా పెట్టు. రేపు ఎవడన్నా ఇది ఎద్దులోది కాదు, బావిలోది అంటే?" అన్నారు. ఇట్లాంటి అనుమానాలు రాకపోతే ఈ పని చేయకండి.

ఎద్దు పొట్ట మన్ను గాజుగిన్నెలో కరిగింది. జీవులకు తిండికని గడ్డి కాచిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోశాం. రోజూ పొద్దున రాగానే నేను మూత తీసేదాన్ని. సార్ నా వెనక నిలబడి, చూడనట్టు కిటికీ వైపు చూసేవారు. బావినీళ్ళ గిన్నెలో గులాబి లేదు. ఎద్దు గిన్నెలోనూ లేదు. ఒకరోజు పొద్దున, మట్టి అంచున, చింతాకంత సన్నని గులాబి జీవి ఒకటి తాపీగా ఈదుతూ కనబడింది.

"సార్" అన్నాను.

ఆయన వంగి చూశారు. అన్నేళ్ళు గూట్లో ఎండిన మన్ను నుంచి లేచిన ప్రాణం అది. ఆయన ముఖం వెలిగింది. మరుక్షణం ఆరిపోయింది. "ఇది చిన్నది. పుస్తకంలోది. మనది కాదు" అన్నారు.

పెద్దది రాలేదు. చిన్నవి మాత్రం పెరిగాయి. ఈసారి కెమిస్ట్రీ వాళ్ళను బతిమాలి ఉప్పు లేకుండా బట్టీ పట్టిన నీళ్ళు తెచ్చి వెండి స్లైడ్లు చేశాను. వరసలన్నీ ముగ్గు వేసినట్టు తేలాయి. అంత మంచి స్లైడ్లు మా గదిలో అంతకు ముందు ఎవరూ చేయలేదు. ఏం లాభం, అవి మాకు కావలసినదానివి కావు.

చేతులు ఊరుకోక, సన్నని గాజుగొట్టంతో ఒకే ఒక్క జీవిని పట్టి, శుభ్రమైన నీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగి, వేరే గిన్నెలో ఒంటరిగా వదిలాను. తిండి పెట్టాను. అది రెండైంది, రెండు నాలుగయ్యాయి, గిన్నె నిండిపోయింది. అందరూ ఒక్క తల్లి పిల్లలే. ఆ తర్వాత పరీక్ష పేపర్లలో పడి తిండి వేయడం తగ్గించాను. మూత తీసి చూస్తే నీళ్ళు సగానికి ఇంకి, జీవులు ఒకదాని మీద ఒకటి పడి తోసుకుంటున్నాయి. వాటి మధ్యన లావుపాటి ఒళ్ళు, ఇంత నోరు. పక్కనున్న చిన్నదాన్ని మింగుతోంది.

మాది దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే. ఈ గిన్నెలో నేను వేసింది ఒక్కటే, అదీ చిన్నది. మరి ఈ పెద్దది ఎవరి బిడ్డ?

అప్పుడు అంతా అర్థమైంది. నీళ్ళు ఇంకి, తిండి తగ్గి, ఇరుకైనప్పుడు ఆ చిన్నవాటిలోనే కొన్ని నోరు పెంచుకొని తోటివాటిని తిని బతుకుతున్నాయి. మేము ప్రతి ఏడూ చెరువుకు పోయింది ఎప్పుడు? చివరి గుంట మిగిలినప్పుడు. ఏడాది పొడుగునా నీళ్ళుండే ఊరివాళ్ళు ఈ తప్పు చేయరు. నిండిన చెరువును ఒక్కసారి కూడా ముంచి చూడకుండా, కరువు ముఖం చూసి దాన్నే కొత్త జాతి అనుకున్నాం.

సార్‌కు చెప్పాలి. ఆ పూట నేను తాగిన టీ నాకు చేదుగా తగిలింది.

చెప్తే ఆయన తలెత్తలేదు. "గొట్టం సరిగా కడిగి ఉండవు. యాడిదో కలిసి ఉంటాది."

"కడిగినా సార్. మీరు నేర్పినట్లే కడిగినా."

"అయితే నువ్వు సరిగా నేర్చుకోలేదు."

నాకు కోపం వచ్చింది. కూలి చేసిన చేతుల్లో పెరిగినదాన్ని, పని చేతకాదంటే పడను. "అయితే మీరే ఒకదాన్ని పట్టండి సార్. మీ చేత్తో మీరే కడగండి. నేను ఆ బల్ల దగ్గరికే రాను" అన్నాను. ఆయనతో అట్లా ఎవరూ మాట్లాడింది లేదు.

ఆయన లేచి, గొట్టం తీసుకొని, ఒక్కదాన్ని పట్టారు. ఆ గిన్నెను బీరువాలో పెట్టి, తాళంచెవి తన మొలకే కట్టుకున్నారు. మేమిద్దరం చాలా రోజులు పాఠాల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఖాదర్ మా ఇద్దరికీ టీలు తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా పోయేవాడు.

ఒక మధ్యాహ్నం పిలుపు వచ్చింది. "సుగుణా, ఇట్లా రా."

పోయి చూశాను. ఆయన గిన్నెలోనూ పెద్దది ఉంది.

"ఆకలికి సొంత తమ్ముళ్ళనే తింటాండాది" అన్నారు సార్. "ఎంత కరువు చూసిందో, పాపం."

"పేరు పోయింది సార్" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"పోయింది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వేమీ ఏడవొద్దు. తప్పుడు పేరు పెట్టి పోయింటే, నేను చచ్చినాక ఎవడో అది తప్పని కొట్టేసేవాడు. నా బతుకులోనే, నా గదిలోనే, నా పిల్లే కొట్టేసింది. ఎంత మందికి దొరుకుతాది ఈ అదృష్టం? కూర్చో. రాద్దాం."

రాశాం. ఒకే జీవి, రెండు ఆకారాలు, ఎప్పుడు ఏది, ఎందుకు అని. పాత బొమ్మలు ఒక్కటీ పారేయలేదు, పెద్ద ఆకారానికి అవే పనికొచ్చాయి. నా చిన్నదాని స్లైడ్లు పక్కన నిలిచాయి. మద్రాసు పెద్దాయన చదివి, మాట ప్రకారం అచ్చు వేయించారు. తర్వాత కలిసినప్పుడు, "పేర్లు పెట్టినవాళ్ళను చాలామందిని చూశానండీ. పెట్టబోయి ఆపుకున్నవాళ్ళను మాత్రం ఇద్దరినే చూశాను, ఇద్దరూ అనంతపురంలోనే ఉన్నారు" అన్నారు. జీవి దొరికిన చోటు అన్నచోట, ఆ కాగితంలో శింగనమల చెరువు అని అచ్చయింది. సార్ ఆ మాట మీద వేలు పెట్టి నాకు చూపించారు.

జత

ఇంక నా మాట ఒకటి మిగిలింది. ఎద్దు.

మిగిలిన పైమన్ను, గిన్నెలో అడుగున దిగిన మన్ను అంతా పోగుచేసి, సార్ స్వయంగా ఎద్దును చేశారు. అంత బాగా గీసే చేతులు మట్టి దగ్గర ఓడిపోయాయి. ఆయన రిటైరైన ఏడాది, మంచి వానలు పడి చెరువు నిండిందని తెలిసి, ఇద్దరం బస్సెక్కాం. ఆయన ఒళ్ళో ఎద్దు, నా ఒళ్ళో చిన్న మైక్రోస్కోపు.

నిండిన చెరువును మేము చూడడం అదే మొదలు. సార్ కట్ట మీద చాలాసేపు నిలబడిపోయారు. అంచున ఒక సీసా ముంచుకొని ఓబులమ్మ ఇంటికి దిగాం. వాకిట్లో గుంజకు కోడెదూడ ఒకటి కట్టేసి ఉంది.

ఓబులమ్మ మా ఎద్దును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎద్దా సార్, పందా?"

"ఎద్దేనమ్మా" అన్నారు సార్ చిన్నబోయి.

"పోనీలెండి. మన్ను నాదే గదా."

కిటికీ వెలుతురులో మైక్రోస్కోపు పెట్టి, ముంచుకొచ్చిన నీళ్ళలోంచి ఒక్క చుక్క వేశాను. వెతగ్గా వెతగ్గా దొరికింది. చిన్నది, సన్నది, గులాబిది. ఎంత వెతికినా పెద్దది ఒక్కటీ లేదు. నిండిన చెరువులో దానికి ఆ అవసరమే లేదు. సార్ చూసి, తల ఊపి, లేచి ఓబులమ్మకు చోటిచ్చారు.

ఆమె ఒక కన్ను మూసి, నోరు తెరిచి చూసింది. "ఓయమ్మా, ఎట్ల పోతాండాదో చూడు. ఇదేనా మా ఎద్దులో ఉండింది?"

"ఇదే" అన్నాను. "అన్నేండ్లు మీ గూట్లో నిద్రపోయింది. నీళ్ళు తాపితే లేచింది."

"పేరేమి పెడితిరి?"

నేను సార్ వైపు చూడలేకపోయాను. ఆయనే చెప్పారు. "దానికి ముందే పేరుండాదమ్మా. నేను కొత్త పేరు పెట్టల్లని చానా ఏండ్లు చూస్తిని. కుదరలే."

ఓబులమ్మ ఎద్దును తీసుకుపోయి గూట్లో దాని జత పక్కన పెట్టింది. ముఖాలు రెండూ వాకిలి వైపు తిప్పి, చేతులు దులుపుకుంది.

"పేరుదేముంది సార్. పిలిస్తే పలికింది గదా" అన్నది.